రాణి బరువు

నల్లబాతు సరస్సు, మిన్నెసోటా
జనవరి 9, 1978

ప్రియమైన హెల్మి అక్కకు,

ఈ ఉత్తరం ఇంటికి రాకుండా నువ్వు పనిచేసే బేకరీకి ఎందుకొచ్చిందా అనుకుంటున్నావు కదూ. ఇంటికి రాస్తే నీకంటే ముందు బావ చూస్తాడు. ఫోను చేద్దామంటే మా లైను మీద నాలుగిళ్లున్నాయి, ఎవరెత్తినా మన మాటలు వినపడతాయి, పక్కింటి సెల్మా నోట్లో నువ్వుగింజ నానదు. అందుకని ఇలా.

అక్కా, రాణి పోయింది.

కంగారుపడకు, ఎక్కడైనా కూర్చుని చదువు. ఈ శీతాకాలం ఓడల మరమ్మతుల్లో ఇరుక్కుపోయి బావ సరస్సుకు రాలేకపోయాడు గదా, సరస్సు మంచు మీద చేపలు పొడిచే తన చీకటి గుడిసె తాళం నాకిచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ తాళం నా చేతికి రావడం ఇదే మొదలు. ఇచ్చేటప్పుడు ఏమన్నాడో నీకూ తెలుసు. "గుడిసె నీది, పొయ్యి నీది, బల్లెం నీది. మేకుకు వేలాడే రాణిని మాత్రం ముట్టుకోకురా. కావాలంటే దండం పెట్టుకో, ముట్టుకోకు."

నాన్న చేత్తో చెక్కి నీ పెళ్లికి అల్లుడికిచ్చిన దొంగచేప అది. గుడిసెలో మంచుకు కొట్టిన కన్నంలోంచి నీళ్లలోకి దించి దారం ఆడిస్తే పైక్ చేపలు పేరంటానికి పిలిచినట్టు వస్తాయని ఈ చుట్టుపక్కల చెప్పుకుంటారు. నాకూ అలాంటిది ఒకటి ఉంటే బాగుండునని చిన్నప్పటి నుంచీ ఆశ. దాన్ని ఇంటికి తెచ్చి, రబ్బరు అచ్చు తీసుకుని, గట్టిపడే రెజిన్ జిగురు పోసి ఒకటి చేసుకుందామనుకున్నాను. అచ్చు తీశాను. అంతటితో ఆగి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. తిరిగి మేకుకు తగిలించబోతూ, ఒక్కసారి నీళ్లలో చూద్దామని దించాను. మనిషి కాలంత పైక్ ఒకటి అడుగు నుంచి లేచి, నేను బల్లెం ఎత్తేలోపు దాన్ని నోట కరుచుకుని దారం తెంపుకుని పోయింది.

అచ్చు ఉంది. కెనూ పడవలకు అతుకులు వేయగా మిగిలిన రెజిన్ ఉంది. రూపం వస్తుంది. బరువే తెలియదు. నాన్న ఎంత సీసం పోశాడో, ఎక్కడ పోశాడో బావకు తప్ప ఎవరికీ తెలియదు. ఫిబ్రవరిలో వేట ముగిసేలోపు ఆయన ఒక్కసారైనా వస్తాడు. దారం పట్టుకోగానే ఆయన చేతికి తెలిసిపోతుంది. అప్పుడిక తాళం సంగతి దేవుడెరుగు, నన్ను ఆ గుమ్మం కూడా తొక్కనివ్వడు.

నువ్వే ఎలాగో మాటల్లో పెట్టి అడుగు.

నీ తమ్ముడు
తౌనో


సుపీరియర్, విస్కాన్సిన్
జనవరి 14

ఒరే తౌనో,

నీ ఉత్తరం పుణ్యమా అని రెండు పళ్లాల ఏలకుల రొట్టెలు మాడాయి. నాకు చివాట్లు పడ్డాయి. అవి నీ ఖాతాలో రాసుకో.

ముట్టుకోవద్దన్నది ముట్టుకోవడం నీకు ఉగ్గుపాలతో వచ్చింది. నాన్న ఏమనేవాడో మరిచిపోయావా? "గుడిసెలో తౌనోగాడు నోరు మూసుకుని కూర్చున్న రోజున రాణి వాడిదే" అనేవాడు. ఆ రోజు ఎప్పుడొచ్చింది గనుక. చీకట్లో కూర్చుని బడి కబుర్లన్నీ చెప్పేవాడివి, చేపలు పక్క సరస్సుకు వలసపోయేవి. చివరికి నాన్న విసిగి దాన్ని అల్లుడి చేతిలో పెట్టాడు.

సరే, అడిగాను. నిన్న బఠాణీల సూపు వడ్డించి మెల్లగా కదిపాను.

"ఐనార్, దొంగచేపకి సీసం ఎలా పోస్తారు?"

చెంచా కింద పెట్టేశాడు. "ఇరవై ఏళ్ల నుంచి చేప వాసన అంటూ ముక్కు మూసుకుంటున్నావు. ఇవాళ సీసం మీదికి మనసెందుకు పోయింది?"

"బేకరీలో ఒకాయన అడిగాడు."

"ఎవరాయన?"

"కొత్తాయనలే. పాపం, ఏమీ తెలీదు."

ఏమీ తెలియనివాళ్లంటే మీ బావకు ఎంత ప్రేమో నీకు తెలుసు. సూపు చల్లారిపోయే దాకా చెప్పాడు. "పొట్ట కింద గాడి తియ్యాలి. సీసం కరిగించి అందులో పొయ్యాలి. ముందుకు ఎక్కువైతే ముక్కుతో పొడుచుకుంటుంది, వెనక్కి ఎక్కువైతే తోక ఈడుస్తుంది. పైకి పోశావా, బోర్లా పడుతుంది. మునగాలి, అలాగని రాయిలా మునక్కూడదు. పెళ్లికూతురు మెట్లు దిగినట్టు దిగాలి. మీ నాన్నకి తెలుసు ఆ కిటుకు, ఆయన తర్వాత నాకు తెలుసు. అంతే, ఇంకెవరికీ తెలీదు."

అంతే చెప్పాడు. నువ్వు పని మొదలుపెట్టు.

అక్క


నల్లబాతు సరస్సు
జనవరి 23

అక్కా,

బావ చెప్పినట్టే చేశాను. దాని ఫలితంగా ఇప్పుడు నాకు కనుబొమలు లేవు.

కరిగిన సీసం పొయ్యమన్నది కర్రచేపకు. రెజిన్‌లో పోస్తే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నువ్వు అడగలేదు, నాకు తోచలేదు. బుస్సుమని నురగ లేచి పొగ కమ్మింది. ఆ కంపుకు కుక్క ఇల్లు వదిలి సెల్మా వాళ్ల వరండాలో కాపురం పెట్టింది. సెల్మా వచ్చి, "ఏం తౌనో, శవాన్నేమైనా కాలుస్తున్నావా?" అంది. చర్చిలో అప్పుడే ఆ మాట తిరుగుతోంది.

రెండోదానికి తెలివి తెచ్చుకున్నాను. పోసేటప్పుడే పొట్టలో ఖాళీ గది వదిలాను. రెజిన్ ఒట్టిదే అయితే బరువెక్కువని గాజు బుడగల పిండి కలిపాను. అది గట్టిపడ్డాక బాతుల వేట తూటాలు విప్పి, సీసపు గుళ్లు ఒక్కొక్కటే గదిలో వేస్తూ నీళ్లలో దించి చూశాను. తక్కువైతే తేలింది, ఎక్కువైతే కూలబడింది, ముందుకు జారితే అడుగున ముక్కు పెట్టి తపస్సు చేసింది. చివరికి కుదిరింది. అచ్చం బావ అన్నట్టు, మెట్లు దిగే పెళ్లికూతురు. పైన రెజిన్ పూసి గది మూసేశాను. సంతోషం పట్టలేక ఒక్కణ్ణే కాఫీ కుండంతా తాగేశాను.

పొద్దున్నే గుడిసెకు తీసుకెళ్లి కన్నంలో వదిలాను. పెళ్లికూతురు మెట్లు దిగలేదు. దారం ఎంత వదిలినా అడుగుకు పోదు. మెల్లగా పక్కకు జరిగి, పైకి తేలి, మంచు పలక అడుగున బల్లిలా అతుక్కుంది. బల్లెం కర్రతో పొడిచి పొడిచి బయటికి తీశాను. అంతా చూసి ఒక చిన్న పెర్చ్ చేప తోకాడించుకుంటూ వెళ్లింది, అది నవ్విందని నా అనుమానం.

ఇంట్లో మునిగింది సరస్సులో ఎందుకు తేలింది? సెల్మా వాళ్ల అల్లుడు తన గుడిసెను ఇటు జరుపుతానంటున్నాడు, బావ వచ్చేసరికి సాక్షులు కూడా తయారవుతారు. త్వరగా కనుక్కో.

తౌనో


సుపీరియర్
జనవరి 30

ఒరే,

మొదట నీ ప్రశ్నకు జవాబు. "బేకరీలో ఆయన చేసింది ఇంట్లో మునిగిందట, సరస్సులో తేలిందట" అన్నాను.

"ఎక్కడ పరీక్ష చేశాడు?"

నాకు అబద్ధాలు ఒకటికి మించి గుర్తుండవు. "సౌనా గదిలో, తొట్టెలో" అనేశాను. నీ సంగతి నాకు తెలియదా, చలికాలంలో నీ బతుకంతా ఆ ఆవిరి గదిలోనే.

మీ బావ కడుపు పట్టుకుని నవ్వాడు. కుర్చీ కిర్రుమంది. "ఆయనా మీలాగే ఫిన్లాండ్ వాడేనా? అదీ సంగతి. స్నానానికి కాచిన నీళ్లు తేలిక, అందులో ఏదైనా మునుగుతుంది. మంచు కింది నీళ్లు బరువు, పైకి ఎత్తుతాయి. నార్వే వాడెవడూ ఈ తప్పు చెయ్యడు. మా వాళ్లు చలికాలంలో స్నానమే చెయ్యరు." ఆ చివరి మాట నిజమేనని నేనూ ఒప్పుకున్నాను. కాబట్టి తౌనో, ఐసు ముక్కలు వేసిన నీళ్లలో చూసుకో.

ఇక అసలు సంగతి. కుర్చీలో కూర్చుని చదువు.

నాలుగు రోజుల కిందట మీ బావ పనికెళ్లాక ఆయన మేజోళ్లకు కన్నాలు కుడదామని వెతికాను. పనిముట్ల పెట్టె అడుగున ఒక మేజోడు ఉబ్బుగా కనిపించింది. లోపల చెయ్యి పెట్టాను. రాణి.

మొదట నాకు మతి పోయింది. దాన్ని పైక్ ఎత్తుకుపోయిందని నువ్వు ఏడుస్తున్నావు, ఇదేమో మేజోట్లో పడుకుని ఉంది. కిటికీ దగ్గరికి తెచ్చి చూశాను. మొప్పల గీతలు ఎడమకు వాలి ఉన్నాయి. నాన్నది ఎడమ చేతివాటం. మన ఇంట్లో గరిటెలకు కూడా గీతలు అలాగే ఉండేవి. నువ్వు పోసిన చేప మీద చూసుకో, ఎటు వాలాయో. కుడికే ఉంటాయి, పందెం.

తెలిసిందా మరి? మీ బావ రాణికి నకలు ఒకటి చెక్కి మేకుకు తగిలించాడు. ముట్టుకోవద్దు, దండం పెట్టుకో అని నిన్ను ఊరించి, అసలుది చంకన పెట్టుకొచ్చి నాకు కూడా చెప్పకుండా దాచాడు. నా తమ్ముణ్ణి నమ్మలేదు సరే, నన్నూ నమ్మలేదు. నువ్వు ముట్టుకున్న మాట నిజమే, ఆయన అనుమానం నిజమైంది, అయినా నా కోపం ఆగడం లేదు.

ఆయన్ని అడిగేద్దామనుకున్నాను. అడిగితే నీ గుట్టూ బయటపడుతుంది. అందుకని ఇంకోటి ఆలోచించాను. ఈ ఉత్తరంతో రొట్టెల పొట్లం వస్తుంది, పెద్ద రొట్టెలో రాణి ఉంది. దాని మీదే కొత్తగా అచ్చు తీసి, అదే బరువు తూచి, అచ్చం అలాంటిది చేసి నాకు పంపు. అది మేజోట్లో పెడతాను. నాన్న చెక్కింది నువ్వు మేకుకు తగిలించుకో. నమ్మనివాడికి నకలే చాలు.

ఈలోపు మేజోట్లో ఒక క్యారెట్‌కు రెండు చెంచాలు కట్టి పెట్టాను. మీ బావ రోజూ పనినుంచి రాగానే పెట్టె తెరిచి మేజోడు మీద చెయ్యేసి తృప్తిగా నిట్టూరుస్తున్నాడు. క్యారెట్ మెత్తబడేలోపు పని కానియ్యి.

అక్క


నల్లబాతు సరస్సు
ఫిబ్రవరి 10

అక్కా,

నేను పోసిన చేప మీద చూశాను. కుడికే.

నాన్న చెక్కినదాన్ని పోగొట్టానని వారాల తరబడి తిండి సహించలేదు నాకు. అది పోలేదని తెలిస్తే గంతులెయ్యాలి కదా. వెయ్యలేదు. బావ తాళం చేతిలో పెట్టినప్పుడు నేనెంత పొంగిపోయానో నీకు తెలియదు. అది ఉత్తుత్తి తాళమని, నేను చెయ్యి పెడతానని ముందే లెక్కేసుకుని ఎరవేశాడని తెలిసేసరికి గాలి తీసేసినట్టయింది. అంతకన్నా బాధ, నేను ఆ ఎర మింగాను. పైక్‌కీ నాకూ తేడా ఏముంది?

తర్వాత రాణిని చేతిలోకి తీసుకున్నాను. నాన్న ఉండగా ఒక్కసారైనా పట్టుకోనివ్వలేదు. పొట్ట కింద రంగు పెచ్చులేచిన చోట గోటితో గీరి చూస్తే సీసం ఒక గాడిగా లేదు, మూడు చోట్ల మూడు చుక్కలుగా ఉంది. గొంతు కింద పెద్దది, పొట్టకు ఒకటి, తోక మొదట్లో కందిగింజంత. ఆ చిన్నది ఎందుకో అర్థం కాక, నా దానికి అది లేకుండా చేసి ఐసునీళ్లలో వదిలాను. బాగానే మునిగింది, గుండ్రంగానూ తిరిగింది. కానీ దారం ఆపగానే అదీ ఆగిపోయింది. తోక దగ్గర ఒక్క గుండు వేశాక చూడాలి నువ్వు. దారం ఆపినా ఇంకో అడుగు ముందుకు జారి, అటూ ఇటూ చూసి నిలబడుతుంది. బతికున్నదాని లాగే. ఇది బావకు తెలియదు, అక్కా. ఆయన చెప్పినదాంట్లో ఈ ముక్క లేదు.

గుళ్లు ఒక్కసారిగా పొయ్యకుండా, మూడు గదులు వదిలి, ఒక్కో గదినీ విడివిడిగా తూచి మూశాను. చెడిపోయినవి కిటికీలో వరసగా పేర్చాను, తల ఒకటి, తోక ఒకటి, బొబ్బలెక్కినది ఒకటి. నేను తోలే బడి బస్సులో పిల్లలకి ఆ సంగతి చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. రంగు పాతబడ్డట్టు ఉండాలని కాఫీ మడ్డిలో నానబెట్టి, దారం ముడి పంటితో బిగిస్తూ బావ పెట్టిన పళ్లగాటు ఉన్న చోట నేనూ కొరికాను. కాటా మీద రెండూ పక్కపక్కన పెడితే ముల్లు ఒక్కచోటే నిలబడింది.

ఒక్కటే భయం. తట్టి చూస్తే కర్ర టక్‌మంటుంది, ఇది టిక్‌మంటుంది. దానికి మందు లేదు.

పంపుతున్నాను. జాగ్రత్త.

తౌనో


సుపీరియర్
ఫిబ్రవరి 16

తౌనో,

అందింది. నాకే తేడా తెలియలేదురా. అసలుదే తిప్పి పంపావేమోనని గోటితో గీరి చూడబోయి ఊరుకున్నాను. నాన్న చూసి ఉంటే ఏమీ అనేవాడు కాదు, ఇంకో కప్పు కాఫీ పోసుకునేవాడు. అది ఆయన మెచ్చుకోలు.

క్యారెట్ తీసేసి దాన్ని మేజోట్లో పెట్టాను. మీ బావ సాయంత్రం వచ్చి చెయ్యేసి, "ఇవాళెందుకో చల్లగా తగిలింది" అన్నాడు. నా పై ప్రాణం పైనే పోయింది. "చలికాలం" అన్నాను.

శనివారం పొద్దున బయల్దేరి వస్తున్నాడు. మేజోడు కోటు జేబులో పెట్టుకున్నాడు, నేను చూడలేదనుకుంటున్నాడు. నీకు ఒకటే చెబుతున్నాను. ఏమన్నా, ఏమడిగినా నోరు మెదపకు. నువ్వు నోరు తెరిస్తే నా కాపురంలో కూడా నిప్పులు పోస్తావు.

అక్క


నల్లబాతు సరస్సు
ఫిబ్రవరి 19

అక్కా,

ఇది చదివి బేకరీ పొయ్యిలో వేసెయ్యి. మొదలుపెడుతున్నాను.

నిన్న తెల్లారుతూనే బావ వచ్చాడు. వస్తూనే గుడిసెలో మేకు వైపు చూశాడు. అక్కడ నాన్న రాణి వేలాడుతోంది. దగ్గరికెళ్లి దాని మీది దుమ్ము చూశాడు. దుమ్ము నేనే చల్లాను, సౌనా పొయ్యి బూడిద. తేలు కుట్టిన దొంగలా నేను కాఫీ కాస్తూ కూర్చున్నాను.

తలుపు మూశాడు. చీకటి. కాళ్ల కింద నీళ్లు మాత్రం పచ్చగా వెలుగుతున్నాయి. కోటులోంచి మేజోడు తీశాడు.

"తౌనో, నీకో మాట చెప్పాలి. అది రాణి కాదు. నేను చెక్కింది. నిజం రాణి ఇదిగో, నా దగ్గరుంది."

నేను కాఫీ కప్పులో మొహం పెట్టాను.

"నువ్వు ఆగలేవనుకున్నాను. నీళ్లలో దించుతావు, పోగొడతావు అనుకున్నాను. హెల్మికి కూడా చెప్పలేదు. నువ్వు చూస్తే వేలు కూడా పెట్టలేదు. దుమ్ము అలాగే ఉంది." తల మీది టోపీ తీశాడు. "నిన్ను తప్పుగా అనుకున్నానురా."

అక్కా, ఆ క్షణంలో నా పరిస్థితి ఊహించుకో. నిజం నాలుక చివర దాకా వచ్చింది. నువ్వు రాసిన మాట గుర్తొచ్చి కాఫీతో పాటు మింగేశాను, నోరు కాలింది. ఆయన నా కళ్లలో నీళ్లు చూసి ఇంకా కరిగిపోయాడు.

తర్వాత మేజోట్లోది బయటికి తీసి, అలవాటు ప్రకారం బల్ల మీద కొట్టాడు. టిక్. ఆయన దాని వంక చూశాడు. మళ్లీ కొట్టాడు. టిక్.

"చలికి కర్ర బిగిసింది" అన్నాడు.

ముందు మేకు మీది దాన్ని దించాడు, తేడా చూపిస్తానని. నాన్న రాణి నీళ్లలోకి దిగి చక్కగా తిరిగింది. "చూశావా, ఇది నా చేతి పని. బాగానే ఉంటుంది, ప్రాణం ఉండదు" అన్నాడు. నాన్నని అన్నట్టు తగిలింది నాకు. పళ్లు బిగబట్టి కూర్చున్నాను. దాన్ని పైకి తీసి నాది దించాడు. అది మెట్లు దిగింది. దారం ఆపాడు. ఇంకో అడుగు జారి, అటూ ఇటూ చూసి నిలబడింది. "అదీ," అని గుసగుసలాడాడు బావ. "అది మీ నాన్న. ఆ నిలబడటం చూడు. ప్రపంచంలో ఇంకెవడూ ఆ బరువు పెట్టలేడు. నీకు వందేళ్లు నేర్పినా రాదురా." అనేలోపే చీకట్లోంచి పైక్ వచ్చింది. నా మీద ఒట్టు, అంత పొడుగుది ఈ ఏడు ఎవరూ చూడలేదు. బావ బల్లెం వదిలాడు. తప్పలేదు.

చేపను మంచు మీదికి లాగి, రొప్పుతూ నన్ను చూశాడు. "ఏరా, పొద్దుట్నుంచి నోరు విప్పలేదేం? ఒంట్లో బాగాలేదా?"

తల ఊపాను, బాగానే ఉందని.

అప్పుడు నాన్న మాట గుర్తొచ్చిందనుకుంటాను, నవ్వాడు. పడి ఉన్న నాన్న రాణిని తీసుకుని నా చేతిలో పెట్టాడు. "మీ నాన్న మాట ప్రకారం నిజందే నీకివ్వాలి. నాకు మనసు రావడం లేదు, క్షమించు. ఇది ఉంచుకో, నకలే అయినా. తాళం కూడా నీ దగ్గరే ఉంచుకో."

రెండు చేతులతో పట్టుకున్నాను. అందులో మూడు చుక్కల సీసం వేళ్లకు తగిలింది. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. బావ నా వీపు తట్టి, "నకలుకే ఇంత ఏడిస్తే ఎలారా" అన్నాడు.

నేను చేసిన ఆ చేప లాంటిది ఇంకెప్పటికీ చెయ్యలేనేమో. అది నేను చేశానని ఈ సరస్సు చుట్టూ ఒక్కరికీ చెప్పే దారి లేదు. సెల్మా కాఫీకి పిలిచింది, వెళ్లలేదు. గడప దాటితే చెప్పేస్తానని నా మీద నాకే భయం. నీకు రాసేస్తే కాస్త తేలికపడతానని రాశాను. రాణి ఇప్పుడు నా బల్ల మీదే ఉంది, పక్కన కాఫీ కప్పు ఉంది. రెండో కప్పు పోసుకున్నాను.

నీ తమ్ముడు
తౌనో